గాలాపగోస్ యాత్ర: ముందు జంతువు, తర్వాత నెల, ఆఖర్న పడవ

గాలాపగోస్ దీవుల్లో ఒకటైన ఎస్పన్యోలాలో పుంటా సువారెస్ అనే చోట ఒక కొండ అంచు ఉంది. ఆల్బట్రాస్‌లకు అదే రన్‌వే. రెండు మీటర్లు దాటిన రెక్కలతో ఆ పక్షికి నేల మీంచి లేవడం కష్టం. అందుకే బాతులా అటూ ఇటూ ఊగుతూ అంచు దాకా నడిచొచ్చి గాలిలోకి దూకేస్తుంది. అది చూడాలనే నేను మొదటిసారి గాలాపగోస్ వెళ్ళాను, ఫిబ్రవరిలో. తీరా చూస్తే అంచంతా ఖాళీ. జనవరి నుంచి మార్చి దాకా అవి సముద్రం మీదే తిరుగుతుంటాయని అక్కడికెళ్ళాక గైడ్ చెప్పాడు. ట్రిప్పు అమ్మినతను "అన్నీ కనిపిస్తాయండీ" అన్నాడు. నేనేమో క్యాబిన్ ఫొటోలు చూసి డబ్బు కట్టేశాను.

ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం వెళ్ళేవాళ్ళు ఆ పొరపాటు చెయ్యకూడదు. గాలాపగోస్‌లో అన్ని జంతువులూ అన్ని దీవుల్లో ఉండవు. కొన్ని ఒకే దీవిలో ఉంటాయి, కొన్ని ఏడాదిలో కొన్ని నెలలే కనిపిస్తాయి. కాబట్టి పడవ సంగతి ఆఖర్న చూసుకోవాలి.

ముందు చోటు గురించి రెండు ముక్కలు. ఈ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశానివి. ఆ తీరానికి పడమరగా, పసిఫిక్‌లో దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. భూమధ్యరేఖ వీటి మీదుగానే పోతుంది. పెద్ద దీవులు 13. వాటిలో ఊళ్ళున్నవి నాలుగే: శాంతా క్రూస్, శాన్ క్రిస్తోబాల్, ఇసబెలా, ఫ్లొరియానా. మొత్తం నేలలో 97 శాతం 1959లో ఏర్పడిన నేషనల్ పార్కు కిందే ఉంది. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలైనప్పుడు అందులో మొట్టమొదటి పేరు ఇదే. డార్విన్ 1835లో బీగిల్ ఓడ మీద వచ్చి ఇక్కడ గడిపింది ఐదు వారాలే.

మొదటి పని: ఏం చూడాలో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, "ఇది చూడకుండా వెనక్కి రాను" అనిపించే జంతువులు మూడు రాసుకోండి. మూడు చాలు. పది రాస్తే ఏ రూటూ సరిపోదు.

ఆల్బట్రాస్ మీ జాబితాలో ఉంటే ఎస్పన్యోలా తప్పదు, అదీ ఏప్రిల్ నుంచి డిసెంబరు మధ్యలోనే. ప్రపంచంలో ఈ జాతి పక్షులు దాదాపు అన్నీ ఈ ఒక్క దీవిలోనే గుడ్లు పెడతాయి. నేను రెండోసారి అక్టోబరులో వెళ్ళాను. దారి పక్కనే రెండు పక్షులు ఎదురెదురుగా నిలబడి, పసుపుపచ్చటి ముక్కులు కత్తులు దూసినట్టు టకటకా కొట్టుకున్నాయి. ఒకటి నోరు బారా తెరిచింది. రెండోది ఆకాశం వైపు ముక్కెత్తి ఆవు అరిచినట్టు అరిచింది. మళ్ళీ మొదటినుంచి అదే వరస. ఇరవై నిమిషాలు చూసినా అవి మా వైపు తల తిప్పలేదు.

ఎగరలేని నీటికాకి కావాలంటే పడమర వైపు పోవాలి. ఫెర్నాండినా దీవి, దానికి ఎదురుగా ఇసబెలా పడమటి, ఉత్తర తీరాలు తప్ప అది భూమ్మీద ఇంకెక్కడా లేదు. వేటాడే జంతువు లేని చోట ఎగరాల్సిన పని లేక దాని రెక్కలు కురచబడిపోయాయి. అయినా నీళ్ళలోంచి బయటికి రాగానే ఆ చినిగిన గుడ్డపీలికల్లాంటి రెక్కల్ని చాపి ఎండలో ఆరబెట్టుకుంటుంది. గాలాపగోస్ పెంగ్విన్‌లు కూడా ఎక్కువగా ఆ వైపే ఉంటాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన కూడా సహజంగా బతికే పెంగ్విన్ ఇదొక్కటే. బార్తొలోమె దీవి దగ్గర కూడా కొన్ని కనిపిస్తాయి. ఫెర్నాండినాలో పుంటా ఎస్పినోసా దగ్గర సముద్రపు ఇగ్వానాలు నల్లటి లావా మీద ఒకదాని మీదొకటి ఎక్కి పడుకుంటాయి. నేల ఎక్కడ ఆగిందో, ఇగ్వానా ఎక్కడ మొదలైందో మొదట తెలియదు. అవి తుమ్మి ఉప్పునీళ్ళు చిమ్మాకే తెలుస్తుంది. సముద్రపు పాచి తినే బల్లిజాతి లోకంలో ఇదొక్కటే. పాచితోపాటు ఒంట్లోకి పోయిన ఉప్పును ముక్కులోంచి అలా వదిలించుకుంటుంది.

ఎర్రకాళ్ళ బూబీ అనే సముద్రపు పక్షి కోసం ఉత్తరాన ఉన్న హెనోవేసా వెళ్ళాలి. అది దూరం, రాత్రంతా పడవ నడవాలి. పట్టపగలు తుఫాను పిట్టలను వేటాడే పొట్టిచెవుల గుడ్లగూబ కూడా అక్కడుంది. లావా రంగులో కలిసిపోయి కూర్చుంటుంది, గైడ్ చూపిస్తే తప్ప దొరకదు.

నీలికాళ్ళ బూబీ, సీల్ లాంటి సీ లయన్, ఫ్రిగేట్ పక్షి, పెద్ద తాబేలు, వీటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. దాదాపు ఏ రూటులో వెళ్ళినా కనిపిస్తాయి. ఎర్రటి గొంతుసంచిని బుడగలా ఊదుకునే మగ ఫ్రిగేట్ పక్షికి నార్త్ సేమోర్ దీవి మంచి చోటు. పెద్ద తాబేళ్ళకు శాంతా క్రూస్ కొండల్లోని పచ్చిక పొలాలు.

సుత్తితల సొరల గుంపులు కావాలంటే అది వేరే ప్రయాణం. డార్విన్, వుల్ఫ్ అనే రెండు దీవులు ఉత్తరాన చాలా దూరంలో ఉంటాయి. స్కూబా డైవింగ్ పడవలే అక్కడికి వెళ్తాయి, అనుభవం ఉన్నవాళ్ళనే తీసుకెళ్తాయి. స్నార్కెల్‌తో, అంటే నీటి మీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ, చూడాలనుకుంటే శాన్ క్రిస్తోబాల్ దగ్గరి కికర్ రాక్‌లో అవకాశం ఉంది. అది మాత్రం ఆ రోజు అదృష్టం.

రెండో పని: నెల

డిసెంబరు, జనవరి నుంచి మే దాకా వేడి కాలం. అప్పుడప్పుడు జల్లు పడుతుంది, ఎండ చురుక్కుమంటుంది, సముద్రం నిదానంగా ఉంటుంది. నీళ్ళు 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ఈత కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇదే మేలు.

జూన్ నుంచి నవంబరు దాకా దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్ళు మోసుకొస్తుంది. కొండల మీద గారూవా అనే సన్నటి మంచుతుంపర ఆగకుండా కురుస్తుంది. నీళ్ళు 20 డిగ్రీల దగ్గరికి, పడమటి దీవుల వైపు ఇంకా కిందికి దిగుతాయి. మనకు చలి గానీ సముద్రానికి అది పంటకాలం. చల్లటి నీళ్ళతో పాటు అడుగునున్న పోషకాలు పైకొస్తాయి, చేపలు పెరుగుతాయి, వాటి వెంట పక్షులూ సీ లయన్‌లూ చురుగ్గా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో అలలు బాగా ఎక్కువ. నా రెండో ప్రయాణంలో మొదటి రాత్రి నిద్ర లేదు. కానీ ఆల్బట్రాస్‌లు చూశాను, కాబట్టి ఆ రాత్రి గురించి నాకు బాధ లేదు.

ఫిబ్రవరి కూడా వృథా నెల అనుకోకండి. ఆ నెలల్లో ఎస్పన్యోలా ఇగ్వానాలకు ఎరుపూ ఆకుపచ్చా రంగులొస్తాయి. నేను ఖాళీ అంచు చూసి దిగులుగా నిలబడినప్పుడు నా బూటుకి బారెడు దూరంలో అలాంటిదొకటి పడుకుని ఉంది.

మూడో పని: పడవలో ఉండాలా, ఊళ్ళో ఉండాలా

పర్సుని బట్టి తేల్చుకునే ప్రశ్న ఇది అనుకుంటారు. నా లెక్కలో కాగితం మీద రాసుకున్న ఆ మూడు జంతువులే తేలుస్తాయి.

ఊళ్ళో హోటల్ తీసుకుని రోజూ పడవలో వెళ్ళొచ్చే పద్ధతిలో ఖర్చు బాగా తగ్గుతుంది, రాత్రిళ్ళు నేల మీద పడుకోవచ్చు. శాంతా క్రూస్‌లోని పుయెర్తో అయోరా నుంచి నార్త్ సేమోర్, బార్తొలోమె, ప్లాసా సుర్, శాంతా ఫె దీవులకు రోజువారీ టూర్‌లు ఉంటాయి. శాన్ క్రిస్తోబాల్ నుంచి కికర్ రాక్, ఎస్పన్యోలా టూర్‌లు ఉంటాయి. అంటే ఆల్బట్రాస్ కోసం క్రూజ్, అంటే రాత్రిళ్ళు కూడా పడవలోనే ఉండే ట్రిప్పు, తప్పనిసరేమీ కాదు. ఇసబెలాలో సియెర్రా నెగ్రా అగ్నిపర్వతం అంచు మీద నడవొచ్చు, దాని నోరు సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు. దీవికీ దీవికీ మధ్య స్పీడ్‌బోట్‌లు తిరుగుతాయి, సుమారు రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలూ పడవ ఎగిరెగిరి పడుతుంది. వెన్నునొప్పి ఉన్నవాళ్ళు వెనక వైపు కూర్చోవాలి.

ఫెర్నాండినా, హెనోవేసా కావాలంటే మాత్రం క్రూజ్ ఒక్కటే దారి. రాత్రి మీరు నిద్రపోతుండగా పడవ నడుస్తుంది. తెల్లారి ఆరింటికి, ఇంకెవరూ రాకముందే మీరు ఒడ్డున ఉంటారు. అది ఊళ్ళో ఉండి సాధించలేం. డబ్బు వీలైతే నా సలహా: ఐదు రోజుల ఖరీదైన పడవ కంటే ఎనిమిది రోజుల మామూలు పడవ తీసుకోండి.

నాలుగో పని: రూటు చదవడం

ఇక్కడ తొందరపడకండి, అసలు పని ఇదే.

2012 నుంచి ఒక నియమం ఉంది. ఒక పడవ ఒక చోటికి వెళ్ళాక 14 రోజుల లోపు మళ్ళీ అదే చోటికి వెళ్ళకూడదు. అందుకే ప్రతి పడవకూ 15 రోజుల చక్రం ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి నాలుగు, ఐదు, ఎనిమిది రోజుల ట్రిప్పులుగా అమ్ముతారు. అదే పడవ ఒక వారం పడమటికి, ఇంకో వారం తూర్పుకూ ఉత్తరానికీ వెళ్తుంది. పడవ పేరు చూసి బుక్ చేస్తే సరిపోదని అందుకే అంటున్నాను. మీ తేదీకి ఆ పడవ ఏ ముక్కలో ఉందో అడగాలి. "వెస్టర్న్ రూట్" అన్న పేరు చాలదు. రోజు వారీగా, ఉదయం ఏ చోటు, మధ్యాహ్నం ఏ చోటు అని కాగితం మీద తీసుకోండి. మీ మూడు జంతువులను దాంతో పోల్చి చూసుకోండి.

రోజుల లెక్కలో కూడా జాగ్రత్త. విమానం దిగే రోజు, ఎక్కే రోజు కూడా ట్రిప్పులో కలిపే చెబుతారు. నాలుగు రోజుల క్రూజ్ అంటే నిండుగా దొరికేది రెండు రోజులు. ఇంకా, పొడవైన చక్రం మధ్యలో కొందరు దిగి కొందరు ఎక్కే రోజు ఉంటుంది, ఆ పూట చాలావరకు ఎయిర్‌పోర్టు దగ్గరే గడిచిపోతుంది. ఎనిమిది రోజుల్లో అలాంటి పూట ఉందేమో అడగండి.

పడవలు చాలావరకు 16 మందివి. పెద్దవాటికి గరిష్ఠంగా 100 మంది. పెద్ద ఓడ తక్కువ ఊగుతుంది, డాక్టర్ ఉండే అవకాశం ఎక్కువ. వయసు పైబడిన అమ్మానాన్నలతో వెళ్తే దానికే నా ఓటు. చిన్న పడవలో దిగడం, ఎక్కడం చకచకా అయిపోతాయి, గైడ్‌కి అందరి పేర్లూ తెలుస్తాయి. రెండు పొట్టల కాటమరాన్ అయితే పక్కలకు ఊగడం తక్కువ. కడుపులో తిప్పే అలవాటుంటే కింది అంతస్తులో, పడవ మధ్యలో ఉన్న క్యాబిన్ అడగండి. పై అంతస్తు బాల్కనీ ఫొటోలో బాగుంటుంది, అలల్లో ఎక్కువ ఊగేది కూడా అదే.

గైడ్ గురించి తప్పకుండా అడగండి. పార్కు లైసెన్సు ఉన్న నేచురలిస్ట్ గైడ్ లేకుండా పార్కులోని ఎక్కువ చోట్లకు వెళ్ళనివ్వరు. ఒక గైడ్ వెంట గరిష్ఠంగా 16 మంది. గైడ్ ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడతారో, ఆ పడవలో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో కనుక్కోండి. పరుపు మెత్తగా లేకపోయినా ట్రిప్పు పాడవదు. గైడ్‌కి ఓపిక లేకపోతే పాడవుతుంది.

చెప్పిన ధరలో ఏవి కలవలేదో విడిగా రాయించుకోండి. సాధారణంగా విమానం టికెట్టు, పార్కు ఫీజు, టిప్పులు బయటే ఉంటాయి. కొన్ని పడవల్లో వెట్‌సూట్ (చల్లటి నీళ్ళలో వేసుకునే బిగుతు సూటు) అద్దె కూడా వేరే. ఒక్కరే వెళ్తే క్యాబిన్‌కి అదనంగా కట్టాలి. శాకాహారులైతే బుకింగ్ రోజే చెప్పండి, పడవెక్కాక వంటాయనకు కొత్త సరుకు దొరకదు.

ఐదో పని: కాగితాలు, డబ్బు

భారతీయ పాస్‌పోర్టుతో ఈక్వెడార్ వెళ్ళాలంటే వీసా సంగతి ముందు రాయబార కార్యాలయంలో తేల్చుకోండి. రెండోది చాలామంది మర్చిపోయేది, ఎల్లో ఫీవర్ టీకా. ఈక్వెడార్ నుంచి ఆరు రోజుల లోపు మన దేశంలో దిగేవాళ్ళకు ఆ టీకా కార్డు లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు కాబట్టి నెల ముందే చూసుకోండి.

విమానం కీతో నుంచి గానీ గ్వాయకీల్ నుంచి గానీ ఎక్కాలి. దీవుల్లో దిగేది బాల్త్రా లేదా శాన్ క్రిస్తోబాల్. మీ క్రూజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి టికెట్టు కొనండి, రెండూ ఒకటే కాకపోవచ్చు. ఈక్వెడార్‌లో కనీసం ఒక రాత్రి ముందే ఉండండి. మీ విమానం ఆలస్యమైతే పడవ ఆగదు.

ఎక్కే ఎయిర్‌పోర్టులోనే 20 డాలర్లు కట్టి ట్రాన్సిట్ కార్డు తీసుకోవాలి. అది తిరుగు ప్రయాణం దాకా భద్రం. దిగాక పార్కు ఫీజు: 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు 200 డాలర్లు, 12 ఏళ్ళ లోపు పిల్లలకు 100. అది నోట్లుగా దగ్గర పెట్టుకోండి. ఇసబెలా రేవులో దిగితే ఇంకో 10 డాలర్లు. ఈక్వెడార్ కరెన్సీ 2000 నుంచి అమెరికన్ డాలరే, మార్చుకునే పని లేదు. చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి.

సామాను

ఎయిర్‌పోర్టులో బ్యాగులన్నీ తనిఖీ చేసి సీలు వేస్తారు. పండ్లు, విత్తనాలు, మొక్కలు తేకూడదు. ఒక్క కొత్త విత్తనం, ఒక్క పురుగు ఈ దీవులకు ఎంత చేటో వాళ్ళకు అనుభవం. మనుషులు వదిలిన మేకలు ఇసబెలా ఉత్తర భాగాన్ని ఎడారి చేశాయి, తాబేళ్ళకు మేత మిగల్లేదు. వాటిని పూర్తిగా తొలగించడానికి ఏళ్ళు పట్టింది. బూటు అడుగున అంటిన మట్టి కూడా ఇంట్లోనే కడుక్కుని బయల్దేరండి.

కాళ్ళకు రెండు జతలు: తడిసినా ఫరవాలేని పట్టీల శాండల్స్ ఒకటి, లావా రాళ్ళ మీద నడవడానికి పట్టున్న బూట్లు ఒకటి. పొడవు చేతుల పల్చటి చొక్కా, గాలికి ఎగరకుండా తాడున్న టోపీ, సముద్రానికి హాని చెయ్యని సన్‌స్క్రీన్. స్నార్కెల్ మాస్కు మీ ముఖానికి సరిగ్గా పట్టేది సొంతంగా కొనుక్కోండి, అద్దె మాస్కులోకి నీళ్ళు కారితే చూపంతా వృథా. కడుపులో తిప్పకుండా మాత్ర డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి, పడవ కదలకముందే వేసుకోవాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యండి, పార్కులో నిషేధం.

అక్కడ రోజు ఎలా గడుస్తుంది

ముందు రాత్రి భోజనానికి ముందు గైడ్ మర్నాటి వివరాలు చెబుతారు. "డ్రై లాండింగ్" అంటే రాతి మీద అడుగు పెట్టడం, "వెట్ లాండింగ్" అంటే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఇసుక మీదికి నడవడం. ఒడ్డుకు తీసుకెళ్ళే రబ్బరు పడవను పంగా అంటారు. పంగా నడిపే అతను చెయ్యి చాపితే అరచేతులు పట్టుకోకండి, ముంజేతులు పట్టుకోండి. చేతులు తడిగా ఉన్నా జారదు.

ఉదయం ఒక నడక, ఒక స్నార్కెలింగ్. మధ్యాహ్నం మళ్ళీ అంతే. సాయంత్రం ఆరుకల్లా అందరూ పడవెక్కేయాలి.

ఈత రానివాళ్ళు వెళ్ళొచ్చా అని చాలామంది అడుగుతారు. వెళ్ళొచ్చు. మా అక్కకు ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసి, గైడ్ ఒక రింగు పట్టుకోమని ఇచ్చి మెల్లగా లాక్కెళ్ళాడు. కింద రాయి మీద ఒక పచ్చ తాబేలు పాచి కొరుక్కుంటోంది. అల వచ్చినప్పుడు అదీ మేమూ ఒకేసారి ఇటు ఊగుతున్నాం, ఒకేసారి అటు ఊగుతున్నాం. అక్క తల పైకెత్తి, మాస్కు కూడా తియ్యకుండా "ఒరేయ్, అది నన్ను చూసిందిరా" అని అరిచింది. అయితే బయల్దేరే ముందు రెండు నెలలు ఏదైనా కొలనులో మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి పీల్చడం సాధన చేసింది. ఆ సాధన లేకుండా సముద్రంలో దిగితే కంగారు పడతారు.

జంతువుల దగ్గర

రెండు మీటర్ల దూరం నియమం. ఫ్లాష్ వద్దు, తిండి పెట్టొద్దు, కాలిబాట దాటొద్దు. ఇక్కడి జంతువులకు మనుషులంటే భయం లేదు, కాబట్టి అవే దగ్గరికొస్తాయి. సీ లయన్ పిల్ల మీ కాళ్ళు వాసన చూస్తే కదలకుండా నిలబడండి, చెయ్యి మాత్రం వెయ్యకండి. తల్లి పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. మగ సీ లయన్ ఒడ్డున అరుస్తూ తిరుగుతుంటే ఆ దారి వదిలెయ్యండి, నీళ్ళలో కూడా దానికి ఎదురెళ్ళొద్దు. నీలికాళ్ళ బూబీ కాలిబాట మధ్యలోనే గుడ్లు పెట్టేస్తుంది, అప్పుడు చుట్టూ తిరిగి వెళ్ళాల్సింది మనమే. ఎక్కడ అడుగు వెయ్యాలో గైడ్ చూపిస్తారు.

ఫొటోల కోసం మొదటి రోజు అందరూ వందలు తీస్తారు. రెండో రోజు నుంచి ఒకే పక్షి ముందు పావుగంట కూర్చోండి. నీలికాళ్ళ బూబీ ఒక కాలెత్తి, దించి, రెండో కాలెత్తి, తన జత పక్షి ముందు ఒక పుల్ల పెట్టే దాకా కూర్చున్నవాళ్ళకే ఆ నాట్యం కనిపిస్తుంది.

పుయెర్తో అయోరాలో ఒక పూట దొరికితే చార్లెస్ డార్విన్ రీసెర్చ్ స్టేషన్‌కి వెళ్ళండి. పింటా దీవి తాబేళ్ళలో ఆఖరిది, లోన్‌సమ్ జార్జ్, 2012 జూన్ 24న చనిపోయింది. దాని దేహాన్ని అక్కడే భద్రపరిచి చూపిస్తున్నారు. అదే ఆవరణలో తాబేలు పిల్లలు అరచేతిలో పట్టేంత ఉంటాయి, వీపు మీద రంగు అంకెలతో. ఎస్పన్యోలా తాబేళ్ళు ఒకప్పుడు 14 మాత్రమే మిగిలాయి. వాటినీ, అమెరికాలోని శాన్ డియేగో జూ నుంచి తెచ్చిన దియేగో అనే మగ తాబేలునూ కలిపి సంతతి పెంచారు. 2020లో దియేగోను తిరిగి ఎస్పన్యోలాలోనే వదిలారు. ఊళ్ళో చేపల బజారు కూడా చూడండి. చేపలు కోసే ఆమె బల్ల పక్కన ఒక సీ లయన్, వెనక వరసగా గూడబాతులు, ముక్క ఎప్పుడు పడుతుందా అని.

మీ రూటులో ఫ్లొరియానా ఉంటే పోస్ట్ ఆఫీస్ బే కోసం నాలుగైదు కార్డులు కొని ఉంచుకోండి. 18వ శతాబ్దం చివర్లో తిమింగలాల వేటగాళ్ళు అక్కడొక పీపా పెట్టి ఉత్తరాలు వేసుకునేవాళ్ళు. ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది. స్టాంపు అక్కర్లేదు. మీ కార్డు పీపాలో వెయ్యండి, లోపలున్న వాటిలో మీ ఊరి చుట్టుపక్కల చిరునామా ఏదైనా ఉంటే తీసుకెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టి ఇవ్వండి. చిరునామా పెద్ద అక్షరాలతో, తడిసినా చెరగని పెన్నుతో రాయండి.